రెడ్ ఆక్సైడ్

పరగడుపున తొలి బస్సుకు పాలమూరుల దిగిండు కుర్మయ్య,
దేవరకద్రల గేట్లు, గ్రిల్లులు అతికే మనిషి.
ముంజేతుల నిండ
నిప్పురవ్వలు పొడిచిన నల్లచుక్కలు.

సమ్మతి పత్రం నేనే చదివి వినిపించిన:
"మధుమేహులలో ఆక్సీకరణ ఒత్తిడి సూచికలు..."
"ఏందమ్మ అది?"
పుస్తకం మాట నోట్లనే ఆగిపోయింది.
జంగు, అన్న.
షుగరు ముదిరితే లోపట జంగు పడ్తది.
ఎంత పట్టిందో నెత్తుట్ల చూస్తున్నం, అంతే.

నవ్విండు, తనూరి పేరు విన్నట్టు.
"అట్ల చెప్పరాదు మరి.
మనిషికి గాలే పాణం, ఇనుముకు గాలే మిత్తి.
వానలు రాకముందే ఉప్పుకాగితంతోని గీకాలె,
రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు కొట్టాలె.
లోపట కొట్టనీకె రాదా?"

రాదన్న.
ఆకుకూరలు తినమంటరు, నడవమంటరు.
తింటననలె, తిననన్లె.

నరం రెండుసార్లు దొరకలె.
మూడోసారి సూది దిగినా
ఆయన చూపు కిటికీ మీదనే:
"ఈ గ్రిల్లు ఎవలు చేసిండ్రు?
అతుకులు చూడు, పుండ్ల లెక్క."
కాలి బొటనవేలి కట్టు మాట మాత్రం ఎత్తలె.

మధ్యాహ్నం నెత్తురును గిర్రున తిప్పిన.
ఎరుపు అడుక్కు దిగింది,
పైన తేరింది ఎండుగడ్డి రంగు నీరు.
దానికి మందు కలిపి
మరిగే నీళ్లల్ల నిలబెడితే
గులాబీ తిరుగుతది.
ఎంత చిక్కని గులాబీ అయితే
కణాల గోడల్ల కొవ్వు అంత చెడ్డట్టు.
ఇంత సక్కని రంగు ఇంత చెడ్డ కబురు తెస్తదని
ఈ కొలువుల చేరినంకనే తెలిసింది.

అరవై ఒకటో నంబరు.
పేరు రాయొద్దు, రాయలె.
పీర్ల పండుగకు పంచే షర్బత్తంత చిక్కన.
ఈ అంకె ఆయన చీటీ మీద రాదు,
ఆయన రేపు ఫోన్ చేసి అడిగినా
నా దగ్గర మాట లేదు.

పక్కన ఇంకో వరుస, ఆరోగ్యవంతులది.
మనుషులు తక్కువపడితే
మొన్న నేనూ చెయ్యి చాపిన.
పద్నాలుగు.
తెల్లగ ఉంటదనుకున్న.
వెలుతురుకు పట్టి చూసిన,
మళ్లా చూసిన.
పసిబిడ్డ చిగుళ్ల రంగు, పల్చగ,
ఉన్నది.

పొద్దుగూకి తాళం వేయబోతూ
కిటికీ గ్రిల్లు మీద వేలు పెట్టిన.
పొడి అంటింది, ఎర్రగ.
తుడుచుకోలె.
బస్టాండు దాక అట్లనే నడిచిన,
ఆ ఒక్క వేలును
దేనికీ తగలనియ్యకుండ.