గట్టున్న గుంట

మహారాణిపేట సందులో, మెట్ల కింద గది.
పదకొండేళ్లుగా విశాఖని నేను
మోకాళ్ల మేరకే చూస్తున్నాను.

పొద్దున్నే సూరాడ పోలమ్మ
చేపల తట్ట మెట్ల మీద దించి వచ్చింది.
పెదజాలరిపేట నుంచి ఇసుకతోట దాకా
ముప్పయ్యేళ్లు బరువు మోసిన కాళ్లు.
"ఎముకలో చిల్లున్నాదన్నారమ్మా మొన్న,
మా చెల్లికీ ఇలాగే మొదలైనాది."

చిల్లు ఉంది. నిజమే.
కీలు కిందనే, చింతగింజంత నలుపు.
కానీ దాని చుట్టూ తెల్లటి గట్టు,
ఎవరో ఓపిగ్గా సున్నం గీసినట్టు.
ఎముకకీ ఎముకకీ మధ్య సందు పోయింది,
అంచుల్లో ముళ్లు మొలిచాయి.
డాల్ఫిన్ నోస్ కొండ లాంటి కాలిది:
కెరటం కొట్టి పోతుంది గాని
కొండలో కాపురం పెట్టదు.

మధ్యాహ్నం కోరాడ హేమసుందర్. పదహారేళ్లు.
"కబడ్డీలో పడ్డానక్కా, బెణికింది."
మోకాలికి పసుపు పట్టు. పక్కన క్రేన్ నడిపే నాన్న.
కాగితంలో లేని ప్రశ్న ఒకటి అడిగాను:
రాత్రి నిద్ర పడుతోందా?
వాడు నాన్న వైపు చూశాడు.
"కదపకపోయినా లాగుతాది."

కీలు కొత్త తలుపులా ఉంది.
సందు ఎంత ఉండాలో అంతే ఉంది.
ఆ పైన, తొడ ఎముక చివర,
ఆటుకి తేలిన ఇసుకలో పీతబొరియలు.
ఎక్కడ మొదలు, ఎక్కడ ఆపు?
గీత లేదు.
పైపొర లేచి పొద్దుటి ఎండలా
కండలోకి పుల్లలు పుల్లలుగా విచ్చుకుంది.
చూడ్డానికి అందంగా ఉంటుంది, పాడు.

నేను చెప్పకూడదు.
ఎమ్మారై ఉంది, ఆ తర్వాత సూది ఉంది,
ముక్క తీసి చూసేదాకా నీడ నీడే.
పదకొండేళ్లలో రెండుసార్లు నా భయం తప్పయింది.
ఆ రెండూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

"ఆదివారం మ్యాచుందక్కా."
వద్దు. ఆ కాలు మీద బరువెయ్యకు.
మర్దనా అసలు చేయించకు.
నాన్న నా మొహం చదవబోయాడు.
లైటు ఆపేశాను.

సాయంత్రం పోలమ్మ రిపోర్టు పట్టుకుని
"అరుగుడేనా? అరగనీ, నా తల్లే!" అని
కుంటుతూనే నవ్వుకుంటూ పోయింది,
నా బల్ల మీద రెండు కానాగంతలు పెట్టి.

రెండు కవర్ల మీదా నా రాతే:
మోకాలి నొప్పి.
రెండోదాని కోసం ప్యూన్ని పిలవలేదు.
నేనే పట్టుకుని డాక్టరుగారి గదికి మెట్లెక్కాను,
తట్టలోంచి కారిన నీళ్లు
ఇంకా ఆరని మెట్లు.