వెనక సగం

ముందు బండలు తుడువు మే, తడి ఆరనీ.
మగ్గం గుంత పక్కన దీపం పెట్టు.
కరెంటు పోతేనే మా ఆట.

అట్టలు నూరు.
జకార్డు మీద తిరిగి తిరిగి
ధర్మవరం చీరల అంచుల్లోకి హంసల్ని మోసి
బొక్కలు అరిగిపోయినవి.
పారేస్తాంటే తెచ్చి కోసినా.
ఒక్కోదాని మీద పద్యం వెనక సగం, నా రాత,
బొక్కల్ని తప్పించుకుంటా పోతాది.
ముందర సగం యాడా రాయలా.
అది అశ్వర్థప్ప తాత నోట్లో ఉంది.

ఆట మాది కాదులే, జపానుది.
పట్టుపురుగుల పాఠం చెప్పను హిందూపురం వచ్చినామె,
ఫుమికో అంట, మాకు పూమక్క,
మూడు రాత్రులు మా ఇంట్లో పండుకొని నేర్పించిపోయింది.
వాళ్ల పద్యాలు మనకు రావు గదా,
తాతే కూర్చొని నూరు ఆటవెలదులు కట్టినాడు.
పేరులోనే ఆట ఉంది గదమ్మా అన్నాడు.

ఇప్పుడు విను.
యాభై తీసి దాచెయ్.
ఇరవైఐదు నీ మోకాళ్ల ముందు, ఇరవైఐదు నా ముందు.
పావుగంట సూడు, యాడ ఏముందో కంటితో నేసుకో.
తాత ముందర సగం ఎత్తుకుంటాడు.
వెనక సగాన్ని నాకంటే ముందు కొట్టల్ల.
పట్టుకునేది కాదు. కొట్టేది. గోడకు తగలల్ల.

పద్యమంతా వినాకు, వినేటోళ్లు ఓడిపోతారు.
'వా'తో మూడున్నాయి, 'వాన' దాకా రెండు,
'వాన లే' అన్నంక ఒకటే.
'ఘ'కి అంత దూరం కూడా లేదు,
తాత గొంతులో గాలి కదిలితే చాలు.

నా వైపుది నువ్వు కొడితే నీదొకటి నాకు తోస్తావు.
తప్పుది ముట్టుకుంటే నేనొకటి నీకిస్తా.
ఎవరి ముందు నేల ఖాళీ అయితే వాళ్లు గెలిచినట్టు.
అట్లయితే ఈ వీధిలో అందరం ఎప్పుడో గెలిచినాం
అంటాది సాకమ్మ.

దాచిన యాభై కూడా చదువుతాడు, మర్చిపోవద్దు.
లేని అట్టకు చెయ్యి లేస్తాది.
విని, ఊరికే ఒళ్లో చేతులు పెట్టుకోను
నాకు రెండేండ్లు పట్టింది.

మొన్న శుక్రవారం.
సాకమ్మకు మూడు, నాకు రెండు మిగిలినాయి.

*వాన లేని మబ్బు వట్టిచేతుల పోవు*
*నేత లేని చేయి నేల చూచు*

'లే' దగ్గరే కొట్టేసినా, అట్ట ఎగిరి గుంతలో పడింది.
కొట్టినంక కూడా పద్యం ముగించేది తాత పని.
ముగించలా.
పెదాలు కదుల్తాండాయి, మాట లేదు.
కట్టింది నేనే గదమ్మా, అన్నాడు.

పూమక్క దీనికి నియమం చెప్పలా.

సాకమ్మే గుంతలోకి దిగి
నూలుపోగులు దులిపి
దీపానికి దగ్గరగా పట్టుకొని చదివింది:

*దారమొకటి తెగిన తడిమి కలుపవచ్చు*
*మాట తెగిన చోట మనిషె ముడిర*

తాత తలూపినాడు.
బాగుందే. ఎవరిదిమే అది?

ఆ అట్ట నాది, నేను కొట్టినా.
సాకమ్మ ఇంగా ఇయ్యలా, చదివినోళ్లదంట.

సరే, కూర్చో.
అట్టలు కలుపు.