పాత బాకీ

ఈపాలి చైర్మన్‌గారు నిలబడరంట.
మూడుసార్లు ఆయనే కూర్చున్న కుర్చీ
ఖాళీ అనేసరికి
నర్సాపురం కాలవ లాకుల కాడ
నా టిఫిను బండికి జనం పెరిగారు.

నిన్న రైసుమిల్లు సోమరాజుగారు
అట్లకాడ లాక్కుని పెసరట్టు తిప్పారు.
ఫొటో బాగానే వచ్చింది.
మాడిన అట్టు నేనే తిన్నాను.
ఇయ్యాల రొయ్యల చెరువుల మేడంగారు
పిండి చేతులే పట్టుకుని అక్కా అన్నారు.
రేపెవరో పళ్ల డాక్టరంట.

తెల్లారగట్ల, దిగిపోయే ఆయనొచ్చారు.
కారు లేదు, వెనకాల మనుషుల్లేరు.
రెండిడ్లీ తిని చెయ్యి కడుక్కుని
"మాణిక్యం, నా పాత బాకీ ఎంత?" అన్నారు.

"నూట నలభయ్యండి.
మా సందులో మురుక్కాలవోటి."

డబ్బులు లెక్కెట్టి ఇచ్చేసి
రెండోదానికి
చాలాసేపు జేబు తడుముకున్నారు.