తప్పనిసరి గడి

కాకుటూరు క్యాంపస్ ల్యాబ్‌లో ముప్ఫై సిస్టాలు,
పనిచేసేవి పంతొమ్మిది.
పదిహేడో దాని ముందు ఒకే కుర్చీలో
నేనూ పెంచల మాధురీ చెరిసగం.
ఎంటర్ మీట ఎప్పుడో ఊడిపోయింది,
కింద మిగిలిన రబ్బరు బొడిపెను గోరుతో నొక్కితే
కొత్త వరస పుడుతుంది.

మొదటి నెలంతా ఎర్ర గీతలే.
తెరిచిన బ్రాకెట్టు మూయలేదని ఒకటి,
లేని పేరును పిలిచావని ఒకటి.
సుభానీ సార్ వెనకాల నిలబడి
"మిషను అబద్ధమాడదమ్మాయ్,
ఏం రాసిందో ముందు చదువు" అనేవాడు.

మార్చిలో ప్రాజెక్టు.
రొయ్యల గుంటల యజమానికి వెబ్‌సైటు,
గుంట కాడి మనిషికి ఫోన్ యాప్.
మేత ఎంత పడింది, చెక్ ట్రేలో ఎంత మిగిలింది,
తెల్లారుజామున నీళ్ళలో ఆక్సిజన్ ఎంత.
లాగిన్ పేజీకి నీలం పూశాం.
ప్రతి గడి పక్కనా ఒక ఎర్ర చుక్క:
ఇది నింపకుండా ముందుకు పోలేరు.
ఆ వాక్యం నేనే రాశా.
రాస్తుంటే, సినిమా హాలు గేటు కాడ
టికెట్లు చింపేవాడి దర్పం వచ్చింది నాకు.

ముత్తుకూరు దాటినాక, గుంటల కట్ట మీద
బురదలో స్కూటీ నెట్టుకుంటా పోయాం.
మేత చల్లి వచ్చిన చెంచయ్య ఫోను అందుకున్నాడు.
తడి బొటనవేలు. తెర పలకలేదు.
లుంగీకి తుడుచుకుని మళ్ళా నొక్కాడు,
సేవ్ అనబోతే క్యాన్సిల్ పడింది.
"మీ కొలతకు కుట్టుకున్న చొక్కా ఇది,
నాకు తొడగతా ఉండారు" అన్నాడు.

పుట్టిన తేదీ?
"పెద్ద గాలివాన వచ్చినేడు, మా యమ్మ చెప్పింది,
పీతలు బాగా కండ పట్టిన రోజుల్లో."
మా క్యాలెండర్ ఎంత కిందికి జరిపినా
ఆ రోజు రాలా.
చుక్క ఎరుపు, అంచు ఎరుపు.
చివరికి ప్లాస్టిక్ కవర్లోంచి ఆధార్ తీసిచ్చాడు,
జనవరి ఒకటి.
నొక్కి, ముందుకు పోయాం.

మిగతా పదిమందివీ
యజమాని పంపిన ఎక్సెల్‌లోంచి ఎక్కించి
రాత్రి హాస్టల్లో టేబుల్ తెరిచి చూద్దును కదా,
పదకొండు గుంటల కాపలావాళ్ళు పదకొండుమందీ
జనవరి ఒకటినే పుట్టారు.
సంవత్సరాలు వేరు, రోజు మాత్రం చెంచయ్యదే
అందరికీ అంటుకుంది.
బగ్ అనుకున్నా.
తేదీ మార్చే ఫంక్షన్ విప్పి, మళ్ళా కట్టి
రెండు దాకా వెతికా.
నిద్రలోంచి లేచిన మాధురి తొంగిచూసి
"మా తాతదీ అదేనే. తేదీ తెలీనోళ్ళకి
క్యాంపులో అదే వేసి పంపించారు" అని
అటు తిరిగి పడుకుంది.

తప్పు లేదని తెలిసి
మొదటిసారి సంతోషం రాలా.
ఎక్కడో ఒక కుర్రాడు, వాడి ముందు ఎర్ర చుక్క,
వెనక ఎండలో వంద మంది వరస.
వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశా.
సాయంత్రం నేను నొక్కిందీ అదే కదా.

పొద్దున్నే ఆ ఒక్క మాటా తీసేశా, 'రిక్వైర్డ్'.
నా రెండు వేళ్ళు జోడించి తెర మీద పెట్టి,
చెంచయ్య బొటనవేలు ఇంత ఉంటుందని
సేవ్ బటన్ పెంచా.
క్యాన్సిల్‌ను అవతలి మూలకు తోలేశా.

వైవాకి తిరుపతి నుంచి వచ్చినాయన
"వ్యాలిడేషన్ ఏదమ్మా? తేదీ లేకుండానే పోతా ఉందే!"
అని రెండు మార్కులు కోశాడు.
గాలివాన అన్నా, పీతలు అన్నా.
సుభానీ సార్ కిటికీలోకి చూస్తా నవ్వాపుకున్నాడు.

సెలవుల్లో ఒక రాత్రి ఊరికే సర్వర్ తెరిచా.
మూడూ పదికి ఒక కొత్త వరస వచ్చి ఉంది.
గుంట: నాలుగు. ఆక్సిజన్: తక్కువ.
పుట్టిన తేదీ: ఖాళీ.
రిమార్కుల గడిలో,
ఎవరూ వాడరని మేం అడుగున ఇరికించిన దాంట్లో,
మైకుతో చెప్పి రాయించినట్టుంది:
గాలి తిరిగింది. పీతలు గట్టెక్కతా ఉండాయి.
రెండో ఏరియేటర్ కూడా వేశా.