కాలవ కట్టేసిన నెల

లాకులు మూసిన మర్నాడే దిగుతాను,
పార, రెండు గోనెసంచులు, తలకి పాత చీర.
అడుగున ఇంకా చెమ్మ.
కొర్రమీను కోసం పిల్లలు,
మట్టి కోసం నేను.
"పన్నెండేళ్ళు కంప్యూటర్ ముందు కూర్చుంది ఇందుకా!"
గట్టు మీంచి ఎవరో అంటారు.
ఇందుకని తెలిస్తే
అన్నేళ్ళు కూర్చునేదాన్నా?

అక్కడ నా పని కవర్లు.
సబ్బుకీ, బిస్కెట్టుకీ, రూపాయి షాంపూకీ.
ఏ ఊదా రంగు వేస్తే
చెయ్యి దానంతటదే చాపుకుంటుందో నాకు తెలుసు.
లోపలిది అయిపోయాక
పైది ఎక్కడికి పోతుందో
ఏ మీటింగులోనూ ఎవరూ అడగలేదు.

ఈ లంకలో, అద్దెకి తీసుకున్న పీచు గోడౌనులో
నాకు నేర్పేవాళ్ళు లేరు.
లాకుల మీద నిలబడితే సిగ్నల్.
దోమలు కొట్టుకుంటూ రాత్రుళ్ళు
ఏ దేశపువో చేతులు చూసేదాన్ని.
తిరిగొచ్చి సారె ముందు కూర్చుంటే
నా చేతులకి ఏదీ గుర్తుండేది కాదు.
ముద్ద నడిమికి రావడానికే నాలుగు నెలలు.
ఓ ముద్ద ఎగిరి గోడకి అతుక్కుంది.
తీయలేదు. ఇప్పుడక్కడ బల్లి కాపురం.

వెలిగారం కోసం అమలాపురం కంసాలి దగ్గరికెళ్తే
"ఎంత బంగారానికమ్మా?" అన్నాడు.
టీ గ్లాసులకని చెప్తే
తూకం ఆపి నా మొహం చూశాడు.
రైసుమిల్లు ఊక బూడిద, సీసా పెంకుల పొడి,
ద్వారకా తిరుమల నుంచి లారీ మీద తెల్లమట్టి.
కిరసనాయిలు డ్రమ్ము కొలిమి, గ్యాస్ బండ.
తెల్లారేదాకా చిన్న కంతకి కన్ను ఆనించి
కళ్ళజోడు ఓ పక్క వంకరపోయింది.

మొదటిసారి నిలబడ్డవి ఆరు.
పల్లాలమ్మ టీ కొట్టుకి ఇచ్చాను.
పొద్దు పొడవకముందు గోదారి రంగు అనుకున్నాను.
"మజ్జిగ తేట" అంది.
అదే సరైన మాట.

పదోరోజు కబురు:
నీ గ్లాసులకి ఆటలమ్మ పోసింది.
నిజమే. ఒళ్ళంతా పెచ్చులూడి గుంటలు,
ప్రతి గుంట అడుగునా తెల్లటి చుక్క.

పెళ్ళిళ్ళకి అయిరేణి కుండలు తప్ప
నూకరాజుగారు ఇప్పుడేమీ చెయ్యరు.
గ్లాసు తీసుకుని గుంటకి నాలుక ఆనించారు.
"నత్తగుల్ల.
కాలితే సున్నం. గాల్లో చెమ్మ తాగి ఉబ్బుద్ది.
కాలవ ఏం తిందో చూడకుండా
కొలిమిలో పెట్టేస్తే ఎలాగమ్మా?"

అందుకే ఈసారి
బోరింగు దగ్గర, తలగుడ్డ విప్పి
అదే చీరలో మట్టినీళ్ళు వడగడుతున్నాను.
గుల్లలు. తుంగవేళ్ళు. గాలపు ముల్లు.
ఎవరో పాప పట్టీ మువ్వ.
ఆ తర్వాత వేళ్ళకి జారుడుగా ఇంకేదో.
కడిగాను.

నా ఊదా.
'కురులు' అన్న మాటలో కొమ్ము వంపు కోసం
మూడు రాత్రులు పోట్లాడిన నా అక్షరాలు.
ఎనిమిదేళ్ళయింది. ఒక్క చుక్క వెలవలేదు.
చెమ్మ తాగలేదు, ఉబ్బలేదు,
ఎక్కడా పెచ్చు లేవలేదు.
ఎంత గట్టి పని చేశాను!
చేత్తో చేసినవేమో
పది రోజులు ఆగలేదు.

బోరింగు కారుతూనే ఉంది.
చాలాసేపటికి లేచి కట్టాను.

దాని ఒక అంచు పళ్ళతో చింపినట్టుంది.
రెండో అంచు ఇంకా రంపమే.
సాయంత్రం, పచ్చిగా ఉన్న గ్లాసు మూతి కింద
ఆ రంపాన్ని వరసగా అద్దుతూ వెళ్ళాను.
కోతలయ్యాక చేలో మిగిలిన
వరి కొయ్యకాళ్ళలా వచ్చాయి గీతలు,
రెండుచోట్ల చెయ్యి వణికింది.

పల్లాలమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది.
"ఈ అంచు దేంతో వేశావు?"
చెప్పాను.
ఆమె వెనక తడిక్కి వేలాడుతోంది కొత్త దండ,
అదే ఊదా, ఇప్పుడు రెండు రూపాయలు.
ఒకటి పుటుక్కున తెంపి ఎవరో పిల్లకి ఇచ్చి
"పదిరోజులు వాడతాను,
అప్పుడు చూసి డబ్బులిస్తా" అంది,
గ్లాసులో టీ పోస్తూ.