గోనెపట్టా

వానకాలం వరి కోసిన మడి.
ములుగు దాటినంక ఏడో మకాం.
గొర్రెలు రాత్రంత పెంటేస్తె
రైతు మూడు కుంచాల వడ్లిస్తడు.

ఎండల్ల ఈనితె పిల్ల బతకదని
పొట్టేలు కడుపుకింద
గోనెపట్టా కట్టిండు ఓదెలు.
గొర్రెకు ఏ నెల మంచిదో
వేళ్ల మీద చెప్తడు.

నాకు నలుగురు.
మూడోది చెలిమె కాడ పుట్టింది.
ఒక్కడే మొగోడు.
మందకు ముందొకడు, వెనకొకడు ఉండాలెనని అత్త.
కుట్లుపడ్డది గంప మోస్తదా అని కులపెద్ద.
ఓదెలు చుట్ట ముట్టిస్తడు.

ఆశమ్మ రాసిచ్చిన తారీఖు
మేం కదిలిపోయినంక వచ్చింది.
కాయితం ఉప్పుమూటల ఉన్నది.

అందరు పండినంక లేచి
పట్టా ముడి చేత్తోని చూసిన.
గట్టిగనే ఉన్నది.

పొద్దుగాల మంగపేట పోతున్న.
ఉప్పు అయిపోయిందని చెప్పిన.
మూటల ఇంకా అద్దశేరున్నది.