రెండో కోటు

జూన్ మొదటి సోమవారం
మెడలో విజిల్ వేసుకుని వెళ్ళాను
ఊరి స్విమ్మింగ్ పూల్ దగ్గరికి.
కొత్త లైఫ్‌గార్డుని. గంటకి పదమూడు డాలర్లు.
తీరా చూస్తే నీళ్ళే లేవు.

పంపు పోయిందన్నాడు కోస్కెలా,
తప్పంతా మగ్గుదే అన్నట్టు
కాఫీ మగ్గులోకి చూస్తూ.
విస్కాన్సిన్ నుంచి ఏదో పార్టు రావాలట.
"అందాకా..." అని
నా చేతికో రోలరిచ్చి
ఇరవై డబ్బాల నీలం రంగు చూపించాడు.

అందరూ చెప్పారు కదా,
గ్రాడ్యుయేషన్ కేకు కోస్తూ డార్లీన్ అత్త,
పెట్రోలు బంకులో మీసాలాయన,
ఆఖరికి పళ్ళ డాక్టరు, నా నోట్లో వేళ్ళుండగానే:
స్కూలైపోయి కాలేజీ మొదలవని ఈ వేసవి
మళ్ళీ రాదమ్మా, దాచుకో.
నోరు తెరిచి ఉంది,
ఎదురు చెప్పలేకపోయాను.

బ్రిటా, డెస్మండ్, నేను
లెక్కల పరీక్ష ముందు రాత్రి
నోట్సు వెనక ఒక లిస్టు రాశాం.
అర్ధరాత్రి సుపీరియర్ సరస్సులో ఈత.
లైట్‌హౌస్ మెట్లు లెక్కపెట్టడం.
కెనడా దాకా వెళ్ళి, ఉత్త కాఫీ తాగి తిరిగి రావడం.
పదకొండోది బ్రిటా
చెయ్యి అడ్డం పెట్టుకుని రాసింది.

సరస్సులోకి దిగాం, మోకాళ్ళ దాకా.
నీళ్ళు ఎముకలు కొరికాయి.
కేకలేసి బయటికొచ్చి
కార్లో హీటర్ ముందు పాదాలు పెట్టుకుని
దీనికి టిక్కు పెట్టొచ్చా లేదా అని
ఇల్లు చేరేదాకా వాదించుకున్నాం.

మేం వెళ్ళకముందే కెనడాయే వచ్చింది
పొగై.
అక్కడెక్కడో అడవులు తగలబడుతుంటే
ఇక్కడ సూర్యుడు
సగం చప్పరించి ఉమ్మేసిన నారింజ బిళ్ళ.
మూడు వారాలు కిటికీలు తెరవలేదు.

బ్రిటాని బాస్కెట్‌బాల్ వాళ్ళు
జులైలోనే రమ్మన్నారు.
డెస్మండ్‌కి పాస్టీల బేకరీలో రాత్రి డ్యూటీ.
వాడు గుడ్‌నైట్ అని మెసేజ్ పెట్టే వేళకి
నేను పాలల్లో సీరియల్ పోసుకునేదాన్ని.

మిగతాదంతా రంగే.
లోతు తొమ్మిది అడుగులు అని రాసిన చోట
తల తడవకుండా నిలబడి వేశాను.
అక్కడ ఏమన్నా గొంతు తిరిగొస్తుంది.
ఓసారి ఎవరూ లేరని చూసి విజిల్ ఊదాను,
నేనే ఉలిక్కిపడ్డాను.

మొదటి కోటు సిమెంటు తాగేస్తుంది,
రెండోదే కంటికి కనిపించేది
అన్నాడు కోస్కెలా.
నా జూన్‌ని ఏది తాగేసిందో గాని
జులై కోసం చూశాను.
జులై తర్వాత
ఆగస్టు కోసం చూశాను.

ఓటిస్ అని ఏడేళ్ళ పిల్లాడు
రోజూ పదకొండింటికి తువ్వాలు భుజాన వేసుకుని
కంచె దగ్గరికొచ్చేవాడు.
ఇవాళా రాలేదా?
రాలేదు.
రేపు?
ఏమో.
ఒకరోజు కంచె దూకి లోపలికొచ్చాడు.
ఆరిన నీలం మీద బోర్లా పడుకుని
చేతులాడించాడు, కాళ్ళాడించాడు,
మధ్యమధ్య తల తిప్పి ఊపిరి కూడా తీసుకున్నాడు.
నేనెళ్ళి ఎత్తు కుర్చీ ఎక్కి కూర్చున్నాను.
వాడు అవతలి గట్టు చేరేదాకా
కళ్ళు తిప్పలేదు.
ఆ వేసవిలో నేను చేసిన ఉద్యోగం
ఆ పది నిమిషాలే.

పార్టు ఆగస్టు ఇరవైన వచ్చింది.
నా ప్రయాణం ఇరవై రెండున.
సామాను సర్దుతుంటే లిస్టు దొరికింది,
పదకొండో దాని మీద
నా బొటనవేలి నీలం ముద్ర.
ఏం రాశావే అని బ్రిటాకి మెసేజ్ పెట్టాను.
గుర్తులేదంది.
నవ్వుతున్న బొమ్మ ఒకటి పంపింది.

వెళ్తూ వెళ్తూ కారాపించాను.
చీలమండ లోతు నీళ్ళు.
నేను వేసిన నీలమే,
కాస్త కదులుతోంది.
కంచె దగ్గర ఓటిస్, తువ్వాలుతో.
దిగొచ్చా?
నా డ్యూటీ నిన్నటితో అయిపోయింది.
అమ్మ హారన్ కొట్టింది.
విజిల్ తీసి వాడి మెడలో వేసి
పరిగెత్తకు, జారుతుంది, అన్నాను.

వాడప్పటికే పరిగెడుతున్నాడు.